గాలివాననాడు తలుపు ఎవరిది?

తుపాను సముద్రం ఒడ్డువాళ్ల కష్టమని మా పెద్దలు అనుకునేవారు. ఇన్ని కొండలు అడ్డం ఉండగా గాలి మనదాకా రాదని నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ నమ్మకాన్ని పోగొట్టింది. విశాఖపట్నం దగ్గర తీరం దాటిన తుపాను అరకు, పాడేరు కొండలదాకా వచ్చింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కల మీదే పడ్డాయి.

ఆనాడు మా ఊళ్లో స్లాబు గది ఒక్కటే ఉండేది. మేమంతా మావ అని పిలిచే ఒక రైతు పసుపు, కాఫీ గింజలు దాచుకోడానికి తన జాగాలో కట్టుకున్న గది అది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఇళ్ల మీద రేకులు లేవడం మొదలయ్యాక అందరం అక్కడికే పరుగెత్తాం. పిల్లలతో కలిపి నలభై మందిమి ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డాం. అందరికంటే చివర ఒక కుటుంబం వచ్చి తలుపు తట్టింది. గట్టు తగాదాతో రెండేళ్లుగా మావతో మాటలు లేని కుటుంబం. తలుపు తీస్తే గాలి లోపలికి కొడుతుందని కొందరు వద్దన్నారు. మావే గడియ తీశాడు. మళ్లీ మూయడానికి ఆరుగురం భుజాలు ఆనించాల్సి వచ్చింది.

అంతటితో అయిపోతే చెప్పుకోడానికి బాగుండేది. మావ పసుపు బస్తాలు మా కాళ్ల కింద తడిసి పాడయ్యాయి. తెల్లారి ఎవరిళ్లకు వాళ్లం పోయాం. ఆ గది కడగడానికి కూడా ఒక్కరం వెనక్కి వెళ్లలేదు. అందుకే కొన్నేళ్ల తర్వాత, తుపానుకు తట్టుకునే గట్టి గది ఒకటి కట్టాలనుకున్నప్పుడు మావ ముందే చెప్పేశాడు: "ఈసారి మా ఇంటి ఆరుగురికి సరిపడా కడతాను. నా జాగా, నా అప్పు. ఎవరూ రావద్దు."

మాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. అప్పటినుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఒక మనిషి సొంత జాగాలో, సొంత డబ్బుతో కట్టుకున్న ఆశ్రయం మీద పొరుగువాడికి హక్కు ఉందా?

'నాది' అన్న మాట మనకు తేలిగ్గా దొరకలేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికి 1/70 చట్టం కావలసి వచ్చింది. తాతల నాటినుంచి పోడు చేసుకుంటున్న భూమికి పట్టా అడగడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అందుచేత "ఊరందరిదీ అనుకో" అని మావకు నీతి చెప్పడం న్యాయం కాదు. ఆయన భయం గది గురించి మాత్రమే కాదు. ఇవాళ గదిలోకి వచ్చినవాళ్లు రేపు జాగా కూడా ఊరిదే అంటారేమోనని.

అయితే ఆ మాటను మనం ఎవరికి ఎదురుగా నిలబెట్టుకున్నామో కూడా గుర్తుంచుకోవాలి. మన భూమిని తీసుకుపోయేవాడికి ఎదురుగా. గాలిలో పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన పొరుగింటి మనిషి భూమి తీసుకుపోడానికి రాలేదు. ఒక్క రాత్రి నిలబడే చోటు అడగడానికి వచ్చాడు. అప్పుడు మూసిన తలుపు ఆస్తిని కాపాడదు, ప్రాణాన్ని బయట నిలబెడుతుంది. కాబట్టి మూయకూడదనే మేం అంటాం.

ఇంకోవైపు కూడా చూడాలి. మా వైపు వేటలో దొరికినదాన్ని ఊరంతా వాటాలు వేసుకుంటారు. వేటకు పోలేని ముసలివాళ్ల ఇంటికీ వాటా వెళ్తుంది. ఇది మనం గొప్పగా చెప్పుకుంటాం. కానీ చేతనైనవాళ్లంతా అడవిలో నడిస్తేనే ఆ వాటా పుడుతుంది. ఒక్కడే నడిచి, ఒక్కడే అప్పుచేసి, మిగతావాళ్లు వాటాకు మాత్రమే వస్తే దాన్ని ఆచారం అనగలమా? మావ గది విషయంలో మేం చేసింది అదే. ఆయన తలుపు మూస్తానన్నది తప్పే. ఆ మాట ఆయన చేత అనిపించిన తప్పు అంతకంటే ముందుది, మాది.

తలుపు తీయవద్దన్నవాళ్లను కూడా రాతిగుండెవాళ్లని అనలేం. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. కప్పు మీదుగా పోయే గాలి కప్పును పైకి లాగుతుంది. గాలికి ఎదురుగా తలుపు తెరుచుకుంటే లోపలినుంచి కూడా తోస్తుంది. ఒక్కరికోసం తీసిన తలుపు నలభై మందికి ముప్పు కావచ్చు. అంత గాలిలో నిలబడి ధర్మం తేల్చడం ఎవరి తరమూ కాదు. తీర్పు ఎండ కాసేనాడే జరగాలి. ఎవరు ఏ వేళకు రావాలి, ముందు ఎవరిని లోపలికి పంపాలి, దేన్ని బయట వదలాలి అన్నది ముందే తేలితే, ఆఖరి గడియలో తలుపు తట్టే అవసరం చాలావరకు రాదు.

మేం మావ దగ్గరికి వెళ్లాం. ముందు ఆ పసుపు సంగతి ఒప్పుకున్నాం. జాగా ఎప్పటికీ ఆయనదేనని ఊరందరి ముందు చెప్పాం. ఇసుక, రాయి మోయడం, పునాది తవ్వడం ఇంటికొకరి వంతు. గది పెద్దదయినందుకు పెరిగే సిమెంటు, ఇనుము ఖర్చు అందరం పంచుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చీకటి పడకముందే చేరాలి. బాలింతలు, పిల్లలు, ముసలివాళ్లు ముందు. సామాన్లు వద్దు. గాలి తగ్గాక ఊరే గది కడిగి ఇవ్వాలి. మావ రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

చోటు ఎంచుకోవడంలోనూ ప్రాణాలున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు, ఒడిశా గజపతి జిల్లా బరఘర దగ్గర కొండవాలున తలదాచుకున్న గిరిజనుల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. తీరంలో ఉప్పెన భయానికి ఆశ్రయాన్ని స్తంభాల మీద ఎత్తుగా కడతారు. మనకు భయం వెనకనుంచి, కొండనుంచి. వాలుకు దూరంగా, గెడ్డ దారికి పక్కగా, పెద్ద చెట్లు మీద పడని చోట కట్టాలి. పునాది, గోడలు, స్లాబు ఇనుప చువ్వలతో ఒకదానికొకటి కట్టుబడి ఉండాలి.

ఇదంతా విని ప్రభుత్వం బాధ్యత తీరిపోయిందని అనుకోవద్దు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని మింగిన తర్వాత తీరంలో తుపాను ఆశ్రయాలు కట్టారు. కొండ ఊళ్లకూ అడగాలి. అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ కింద, గ్రామసభ సిఫారసు చేస్తే, బడి, అంగన్‌వాడీ, సామాజిక భవనం వంటి వాటికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. ఆ భవనాన్నే తుపానుకు తట్టుకునేలా కట్టమని తీర్మానం రాయవచ్చు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ తీర్మానం మీరు రాయాలి. మాస్టార్లూ, మీ ఊళ్లో గట్టి కప్పులు ఎన్ని ఉన్నాయో, వాటి కింద ఎంతమంది పడతారో పిల్లల చేత లెక్క కట్టించండి. మిగిలిన మనుషుల సంఖ్య పలక మీద కనిపిస్తే ఊరు మాట్లాడక తప్పదు.

మావ గది పూర్తయింది. ఆ గట్టు తగాదా మాత్రం ఇంకా తీరలేదు. అయినా ఇసుక మోసే వంతు వచ్చిన రోజు ఆ ఇంటినుంచి ఒక్కరు రావలసి ఉండగా ఇద్దరు వచ్చారు.