చేయని పనికి పాపం అంటుతుందా?

"వేయించాక బిడ్డకేదన్నా అయితే ఆ పాపం నా చేతులతో చేసినట్టే గదండీ డాక్టరమ్మగారూ. వేయించకుండా జబ్బొస్తే అది దేవుడిచ్చింది." కోనసీమలో బుధ, శనివారాలు టీకాల దగ్గర కూర్చున్నన్నాళ్లూ ఈ మాట ఏదో ఒక రూపంలో నా చెవిన పడుతూనే ఉండేది. చదువురాని అమ్మమ్మలే అన్నారనుకోవద్దు. ఇంజినీరింగ్ చదివిన తండ్రులు దీన్నే 'రిస్కు' అనే పేరుతో అంటారు. మూఢనమ్మకమని దీన్ని తీసిపారేయడం నాకు ఎన్నడూ ఇష్టం లేదు. ఇందులో అసలు సిసలైన ధర్మసందేహం ఉంది. చేసిన పనికి మనిషి బాధ్యుడు, సరే. చేయకుండా ఊరుకున్నదానికి ఎవరు బాధ్యులు?

మా నాన్నగారు వేదం వల్లించి, పిల్లలకు చెప్పి బతికిన మనిషి. సంధ్య వేళ దాటిపోతే ముందు ప్రాయశ్చిత్తార్ఘ్యం విడిచాకే మిగతా అర్ఘ్యాలు ఇచ్చేవారు. నిత్యకర్మ చేసినందుకు పుణ్యం మూటగట్టుకునేది ఏమీ లేదనీ, మానితే మాత్రం ప్రత్యవాయం తప్పదనీ అనేవారు. చేయకపోవడానికి కూడా దోషం ఉందన్నమాట. శంకరాచార్యులు దీనికి గట్టి అభ్యంతరం చెప్పారు. చేయకపోవడం అభావం కదా, అభావంలోంచి పాపమనే ఉన్న వస్తువు ఎలా పుడుతుంది? లేనిదానిలోంచి ఉన్నది పుట్టదని ఉపనిషత్తే చెబుతుంటే? ఈ వాదం నాన్నగారు, ఆయన స్నేహితులు వీధి అరుగు మీద కూర్చుని చేస్తుంటే కాఫీలు అందిస్తూ విన్నాను. కాకినాడలో పిల్లల వైద్యం చదివాక, అదే వాదం నా వార్డులో మంచం మంచానికీ నడుస్తోందనిపించింది.

ఈ ప్రశ్నతో జీవితమంతా తలపడిన వైద్యుడు ఎవరని అడిగితే నేను ఫిలడెల్ఫియాకు చెందిన డాక్టర్ పాల్ ఆఫిట్ పేరు చెబుతాను. పిల్లల్లో అంటువ్యాధుల నిపుణుడు. 1951లో బాల్టిమోర్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఐదేళ్లప్పుడు వంకర పాదానికి ఆపరేషన్ చేసి ఆయన్ని పోలియో పిల్లల వార్డులో ఉంచారు. తల్లిదండ్రులు చూడ్డానికి రావాలంటే ఆదివారం ఒక్క గంటే అనుమతి. చుట్టూ పోలియో పిల్లలు, ఎవరూ రాని మధ్యాహ్నాలు. పిల్లలంటే ఎంత నిస్సహాయులో తనకు అక్కడే తెలిసిందని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో శిక్షణలో ఉన్నప్పుడు తొమ్మిది నెలల పాప ఒకతె రోటావైరస్ విరేచనాలతో ఆయన కళ్లముందే పోయింది. అమెరికాలో కూడా ఈ జబ్బుతో పిల్లలు పోతారా అని నిర్ఘాంతపోయారట.

నాకు ఆ నిర్ఘాంతం లేదు, మన దగ్గర అది మామూలే. పొద్దున వాంతులతో మొదలవుతుంది. సాయంత్రానికి మాడు గుంట పడుతుంది, కళ్లు లోపలికి పోతాయి, బిడ్డ ఏడుస్తుంది గాని కన్నీరు రాదు. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత అలాగే నిలిచి మెల్లగా దిగుతుంది. సెలైన్ ఎక్కిద్దామంటే నరం దొరకదు. చేతులు చూస్తాం, పాదాలు చూస్తాం, చివరికి తల గొరిగి అక్కడ వెతుకుతాం. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది. ఆ సమయంలో ఆమెకు ఏ తత్వమూ అక్కర్లేదు, నరం దొరికితే చాలు.

ఆఫిట్, ఆయన సహచరులు ఫ్రెడ్ క్లార్క్, స్టాన్లీ ప్లాట్కిన్ కలిసి రోటావైరస్ టీకా మీద పనిచేశారు. ఆవుదూడల్లో దొరికిన వైరస్‌ను తీసుకుని, దానికి మనుషుల వైరస్ పైపొర ప్రొటీన్లను జతచేశారు. జబ్బు తేకుండా రక్షణ మాత్రమే ఇచ్చే వైరస్ కోసం వెతుకులాట అది. మొదలుపెట్టినప్పటి నుంచి చేతికి టీకా వచ్చేసరికి 26 ఏళ్లు పట్టింది. పేటెంటు వల్ల ఆయనకు డబ్బు కూడా వచ్చింది, ఆ మాట ఆయన దాచలేదు. అంతకన్నా నన్ను పట్టి నిలిపేది మధ్యలో జరిగిన సంగతి.

వాళ్ల టీకా ఇంకా తయారీలో ఉండగానే, 1998లో రోటాషీల్డ్ అనే వేరే టీకా అమెరికాలో వచ్చింది. ఏడాది తిరక్కుండానే దాని వల్ల కొందరు పసివాళ్లకు పేగు పేగులోకి చొచ్చుకుపోతోందని తేలింది. సుమారు పదివేల మందిలో ఒకరికి. 1999లో దాన్ని ఆపేశారు. అమెరికాలో ఈ జబ్బుతో ఏటా పోయే పిల్లలు పదుల్లోనే ఉండేవారు కాబట్టి అక్కడ ఆ నిర్ణయం సరైనదే అంటాను. ప్రపంచం మొత్తం మీద ఏటా నాలుగైదు లక్షల మంది పోతున్న రోజులవి. మన దేశంలోనే లక్ష దరిదాపు. లెక్క వేస్తే పేద దేశాలకు ఆ టీకా ఎంతో మేలు చేసేది. కాని అమెరికా వద్దన్నదాన్ని మా పిల్లలకు ఎలా వేస్తామని ఆ దేశాలు అనుకున్నాయి. ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టలేను. టీకా ఆగిపోయింది. ఆఫిట్ బృందం టీకాను 11 దేశాల్లో 70 వేల మంది పసివాళ్ల మీద పరీక్షించి, పేగు ప్రమాదం పెరగడం లేదని నిర్ధారించుకున్నాకే 2006లో అనుమతిచ్చారు. నడుమ పోయిన ఏళ్లలో, టీకా ఉంటే బతికేవాళ్లు ఎంతమంది పోయారు? టీకా వల్ల పేగు చిక్కుకున్న బిడ్డ కథ పత్రికలకెక్కింది. టీకా లేక ఎండిపోయిన బిడ్డ కథ ఎక్కడా ఎక్కలేదు. ఆ చావుల కింద ఎవరి సంతకమూ లేదు.

అందుకే శంకరుల మాటను నేను ఇక్కడ తెచ్చి ఆలోచిస్తాను. అభావంలోంచి ఏదీ పుట్టదు, ఒప్పుకుంటాను. కాని బిడ్డ చుట్టూ ఉన్నది అభావం కాదు. వైరస్ ఉంది. నీళ్లలో ఉంది, నేల మీద పాకే చేతికి అంటుకుని ఉంది, ఎత్తుకుని ముద్దాడే వాళ్ల వేళ్లమీద ఉంది. మనం ఊరుకున్నంత మాత్రాన అది ఊరుకోదు. టీకా వేయించకపోవడం అంటే ఖాళీగా కూర్చోవడం కాదు, ఎదురుగా వస్తున్నదానికి తప్పుకుని దారివ్వడం. గీత నాలుగో అధ్యాయంలో అకర్మలో కర్మను చూడమన్న చోట శంకరులే, 'నేనేమీ చేయడం లేదు, హాయిగా ఉన్నాను' అనుకోవడం కూడా అహంకారంతో చేసే కర్మేనని వ్యాఖ్యానించారు. సందర్భం ఆత్మజ్ఞానం, నాకు తెలుసు. అయినా ఉయ్యాలలో బిడ్డను పెట్టుకుని 'నేను ఏమీ చేయలేదు' అనే మాటకు ఇంతకన్నా సరైన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

ఆఫిట్‌ను టీకాల గుడ్డి భక్తుడంటారు కొందరు. అది అన్యాయం. 1955లో కటర్ కంపెనీ పోలియో టీకాలో బతికున్న వైరస్ మిగిలిపోయి పదిమంది చనిపోయారు, చాలామంది పిల్లల కాళ్లు చచ్చుబడ్డాయి. ఆ ఘోరం మీద పూర్తి పుస్తకం రాసింది ఈయనే. 2002లో మశూచిని ఆయుధంగా వాడతారన్న భయంతో అమెరికా ప్రభుత్వం వేలాది మందికి మశూచి టీకా వేయిద్దామంటే, సలహా సంఘంలో వ్యతిరేకంగా ఓటు వేసింది ఈయనొక్కరే. లేని జబ్బు కోసం ఉన్న హాని తలకెత్తుకోకూడదన్నారు. ఒకచోట వేయాలన్నారు, ఒకచోట వద్దన్నారు. రెండుచోట్లా కొలిచింది ఒక్క తక్కెడతోనే: చేస్తే కలిగే హాని ఒకవైపు, మానితే కలిగే హాని ఒకవైపు. మనలో చాలామంది రెండో పళ్లెంలో ఏమీ వేయకుండానే తూస్తాం. టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని రాసినందుకు ఆయనకు చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయి.

ఇక మతం సంగతి. 1990–91లో ఫిలడెల్ఫియాలో తట్టు చెలరేగింది. 1,400 మందికి పైగా సోకి, తొమ్మిది మంది పిల్లలు చనిపోయారు. వారిలో ఆరుగురు, మందూ మాకూ ముట్టకుండా ప్రార్థనతోనే నయమవుతుందని నమ్మే రెండు చర్చిల కుటుంబాల పిల్లలు. ఆ తల్లిదండ్రులు రాక్షసులు కారు. బిడ్డ మంచం పక్క మోకాళ్ల మీద కూర్చుని రాత్రంతా ప్రార్థించినవాళ్లు. చివరికి కోర్టు, తల్లిదండ్రులు వద్దంటున్నా పిల్లలకు టీకాలు వేయమని ఆదేశించింది. ఆ రోజుల్లో ఆఫిట్ అదే ఊళ్లోని పిల్లల ఆసుపత్రిలో ఉన్నారు. పాతికేళ్ల తర్వాత, 2015లో, ఈ విషయం మీద 'బ్యాడ్ ఫెయిత్' అనే పుస్తకం వేశారు. మతాన్ని ఎండగట్టే ఉద్దేశంతో మొదలుపెట్టి, రాస్తూ రాస్తూ మనసు మార్చుకున్నానని ఆయనే చెప్పారు. సువార్తలు చదివితే, పసివాళ్లను ఎవరూ మనుషులుగా లెక్కవేయని కాలంలో వాళ్లను దగ్గరికి తీసుకున్న ఏసు కనిపించాడట. బిడ్డను చావుకు వదిలేయడం ఆ మతాన్ని పాటించడం కాదు, దానికి ద్రోహం చేయడమని ఆయన తేల్చారు.

నాకూ అదే అనిపిస్తుంది. మన ఊళ్లలో తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందని గుమ్మానికి వేపమండలు కడతారు, ఇంట్లో పోపు పెట్టరు, బిడ్డ మీద ఎవరూ గొంతెత్తరు. ఆ మర్యాద నాకు నచ్చుతుంది. జబ్బుపడ్డ బిడ్డను దేవతలా చూసుకోవడం తక్కువ సంస్కారమా? మశూచి దేశంలో 1975తో ఆగిపోయింది. వెంకటగిరిలో మశూచి తల్లి పోలేరమ్మ జాతర మాత్రం ఏటా జరుగుతూనే ఉంది, జనం తగ్గలేదు. టీకా వల్ల అమ్మవారికి తరిగిందేమీ లేదు. ఆమె పేరు చెప్పి బిడ్డను టీకాకు దూరం చేయడమే ఆమెకు అపచారం.

అయితే ప్రత్యవాయం తల్లిదండ్రులకు మాత్రమే చుట్టుకునేది కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకాలు వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు అమ్మాయిలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ చావులకు టీకా కారణమని తేలలేదు. తేలింది మరొకటి: ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, నేను నిస్సంకోచంగా వేయించమంటాను. కాని ఆ అమ్మను కూర్చోబెట్టి ఆమె భాషలో చెప్పి అడగాల్సిన పని మనది. అది చేయలేదు. ఆ చేయని పని ఏళ్ల తరబడి ఆ టీకా మీద జనానికి నమ్మకం లేకుండా చేసింది. వైద్యులుగా మన నిత్యకర్మ సూది వేయడంతో అయిపోదు, అడగడం, చెప్పడం, వినడం అందులోవే.

రోటావైరస్‌కు మన దేశం సొంతంగా టీకా చేసుకుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక పసికందు దగ్గర దొరికిన వైరస్‌తో, డాక్టర్ ఎం.కె. భాన్ ఏళ్ల తరబడి వెంటపడగా, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట చేరిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది పూర్తి కవచం కాదు. తీవ్రమైన విరేచనాలను సగానికి పైగా ఆపుతుంది. ఆ సగం ఎంతో, తల గొరిగి నరం వెతికిన వాళ్లనడగండి.

నా తీర్పు ఇది: తెలిసి, అందుబాటులో ఉండి, బిడ్డకు టీకా వేయించకపోతే దోషం అంటుతుంది. వేయించినందుకు ఒక రాత్రి జ్వరం వస్తే, తడిగుడ్డ వేసి మేలుకుని కూర్చునే ఓపిక మనకు ఉండాలి. అంతకు మించి భయం ఉంటే దాచుకోకుండా డాక్టరును అడగండి. విసుక్కుంటే ఇంకో డాక్టరును అడగండి. ఇది చదివాక ఇంట్లో బీరువాలో ఉన్న తల్లీబిడ్డల కార్డు ఒకసారి తీసి చూడండి. తట్టు టీకా మొదటిది తొమ్మిదో నెల నిండాక వేయిస్తారు, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. బిడ్డ నడుస్తున్నాడు, బాగున్నాడు కదా అని ఎక్కువ మంది వదిలేసేది ఈ రెండోదాన్నే. అక్కడ గడి ఖాళీగా ఉంటే వచ్చే బుధవారమో శనివారమో తీసుకెళ్లి వేయించండి.