కేరట్ విడిచిన ఇంట కంటిచూపు

సూళగిరి పరిసరములు కొత్తిమీరకును, కృష్ణగిరి మామిడికిని పేరుపొందినవి. ఈ సీమలో వర్తకము చేసుకొను జైన కుటుంబములలోని తల్లికి, పిల్లల కంటిచూపునకు కేరట్ పెట్టవలెనను మాట ఎక్కడనో ఒకచోట చెవినిబడక మానదు. కేరట్ కందమూలము. అనంత జీవులకు ఆశ్రయమని శాస్త్రము విడువుమన్నది. ధర్మమా, బిడ్డ కన్నులా అని ఆ తల్లి తల్లడిల్లును.

ఈ తల్లడము అనవసరము. కేరట్ నందలి పసుపు పదార్థమును 1831లో వాకెన్‌రోడర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వేరుచేసెను. కెరోటిన్ అను పేరు అట్లు వచ్చినది. అందు బీటా కెరోటిన్ అనునది శరీరములో విటమిన్ ఎ గా మారునని 1930లో ఇంగ్లండున థామస్ మూర్ చూపెను. పేరు కేరట్‌ది గాని సొత్తు కేరట్ ఒక్కదానిది కాదు. మునగాకు, తోటకూరలలో అది కేరట్‌లో కన్న ఎక్కువగా కలదు. మామిడిపండు, బొప్పాయి, పండిన గుమ్మడిలోను ఉన్నది. అయితే ఆహారములోని 12 పాళ్ల బీటా కెరోటిన్ ఒక్క పాలు విటమిన్‌తో సమానమని లెక్క. అదియు నేయో నూనెయో తోడైననే ఒంటబట్టును. ఎండు రొట్టెతో ఉడికిన ఆకు తినిపించి, పెట్టితిమనుకొనుట లాభము చూడని బేరము.

అసలు చిక్కు చాతుర్మాస్యములో కలదు. ఆర్ద్ర ప్రవేశించగనే చాలమంది మామిడి మానుదురు. వానకాలమున ఆకులపై సూక్ష్మజీవులు పెరుగునని ఆకుకూరలు విడుతురు. ఆరోగ్యవంతులైన పెద్దలకు దీనివలన భయము లేదు. విటమిన్ ఎ కాలేయములో నెలల తరబడి నిలువయుండును. పసిబిడ్డకు, గర్భిణికి ఆ నిలువ చాలకపోవచ్చును. ముదిరిన లోపము మొదట రేచీకటిగా కనబడి, తుదకు నల్లగ్రుడ్డునే చెరచును.

ప్రత్యాఖ్యానము చేసినవానిది ఆ నియమము. తాతగారు తీసికొన్న వ్రతము మూడేండ్ల మనుమని కంచములో ఎట్లు దిగినది? వంట ఒక్కటే గనుక అనుట సులభము. వేరొక గిన్నెలో పప్పులో పిడికెడు ఆకు వేయుటకు కోడలు అత్తగారి ముఖము చూడవలసిన ఇండ్లు లేకపోలేదు. చీమను తప్పించి అడుగువేయు ఈర్యాసమితికి చూపే ఆధారము గదా. ఆ చూపును కాపాడుట అహింసకు వెలియని ఎట్లందుము?

ఆకు ససేమిరా కూడదను ఇంట పాలు, నేయి, గుమ్మడి, బొప్పాయి ఉండనే ఉన్నవి. 1970 నుండి ప్రభుత్వము పిల్లలకు విటమిన్ ఎ ద్రావణము పోయించుచున్నది. అది చేపనూనెయేమోనని కొందరు వెనుదీయుదురు. 1947లోనే స్విట్జర్లాండున దీనిని రసాయనికముగా తయారుచేసిరి. అంగడిలో కొను గొట్టపు మాత్రల సంగతి వేరు. వాని పైతొడుగు తరచుగా జంతు చర్మములనుండి, ఎముకలనుండి తీసిన గెలాటిన్. కొనుటకు ముందు అడిగి తెలిసికొనవలెను.