కత్తి మీద పేరు

ఒక ఊరు. ఆలూరికి రెండు కోసుల దూరమనుకుందాం. నల్లరేగడి చేలు, పత్తి, ఉల్లిగడ్డ. వానలు ముఖం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు వేసి, సుగ్గికని గుంటూరు మిరప చేలకు బండెక్కే జనం. ఆ ఊరి చివర వేపచెట్టు కింద ఒక కమ్మరి కొలిమి. ఆయన చేసే కొడవళ్ల మీదా కత్తుల మీదా ఏ గుర్తూ ఉండేది కాదు. అలుగు, తుమ్మకొయ్య పిడి, అంతే.

కొడుకు బెంగుళూరులో ఒక హోటలు వంటశాలలో పనిచేసేవాడు. ఒక దసరాకు ఇంటికొచ్చి సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. లోపల జర్మనీ కత్తి. అలుగు మీద 'సోలింగెన్' అని చెక్కి ఉంది.

తండ్రి దాన్ని వెలుతురుకెత్తి ఒక కన్ను మూసి చూశాడు. బొటనవేలి గోరుమీద అంచు ఆనించాడు. జారలేదు, గోరును కరుచుకుంది. పిడి, అలుగు కలిసేచోట చూపుడువేలు పెడితే ఎటూ ఒరగకుండా నిలబడింది.

"మంచి కత్తిరా. చేసినోడు పని తెలిసినోడు."

"దీని వెల ఎంతో తెలుసునా నాయనా? నెలంతా నువ్వు సమ్మెట కొట్టినా రాదు. అంతా పేరు మహిమ. నీ కత్తి మీద పేరు యాడుంది?"

తండ్రి బదులు చెప్పలేదు. కొడుకు మళ్లీ బెంగుళూరు పోలేదు. ఆదోనికి పోయి ఇంటిపేరుతో ఒక ఉక్కు అచ్చు చేయించుకొచ్చాడు. ఎర్రగా కాలిన అలుగు మీద అచ్చు నిలబెట్టి ఒక్క దెబ్బ వేస్తే పేరు దిగేది. సంతలో జనం ఆ పేరును వేలితో తడిమి చూసి, పక్కవాడికి చూపించి, బేరమాడకుండా కొన్నారు. ఆ ఏడు వెల రెండింతలయింది. గిరాకీ నాలుగింతలయింది. తండ్రికి చూపు మందగించడంతో పనంతా కొడుకు చేతికొచ్చింది.

ఇక్కడ కథ ఆపి కొలిమి సంగతి కొంచెం చెప్పాలి. లారీ కమాను పట్టీ ముక్కను సాగగొట్టి, కత్తి రూపం వచ్చాక, పండుమిరప రంగు దాటేదాకా కాల్చాలి. ముసలాయన గూట్లో పాత రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటుండేది. కాలిన అలుగును అది పట్టుకోకపోతే వేడి చాలినట్టు. అప్పుడు నూనెలో ముంచాలి. ముంచి తీసిన కత్తి ఎంత గట్టిదంటే, ఆకురాయి పెట్టి రాస్తే జారిపోతుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ గట్టిదనం గాజు గట్టిదనం. రాయి తగిలితే పెళుక్కుమంటుంది. అందుకే అలుగును తెల్లగా రుద్ది, మళ్లీ సన్నని సెగకు పెట్టి, దాని మీద ఎండుగడ్డి రంగు పాకేదాకా కళ్లార్పకుండా కూర్చోవాలి. రంగు ఊదాకు, నీలానికి తిరిగితే వంటకత్తికి పదును నిలవదు. గడ్డిరంగు దగ్గర దించితే గట్టిదనం కాస్త తగ్గి, దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది.

ఈ రెండో సెగ కొనేవాడి కంటికి కనిపించదు. పేరు కనిపిస్తుంది. గిరాకీ తరుముతుంటే కొడుకు దేన్ని వదిలేశాడో వేరే చెప్పాలా?

మరుసటి ఏడు జొన్నకోతలు మొదలైన వారానికే కొలిమి ముందు మనుషులు చేరారు. ఒకడి కొడవలికి మధ్యలో పన్ను ఊడినట్టు నొక్కు. ఇంకొకడిది కొన దగ్గర తుంటైపోయింది. అందరూ ఆ పేరు చూసుకుంటూ వచ్చినవాళ్లే.

"పేరు లేకపోయింటే సంతలో ఎవడో మోసం చేసినాడులే అని ఊరికే ఉందుము. ఇంత పెద్దగా రాసుకున్నావు కదప్పా, అందుకే నేరుగా నీ కొలిమికే వచ్చినాము" అన్నాడు ఒకాయన.

వాళ్ల వెనకాల ఒక జేజి కూర్చోనుంది. ఉల్లిగడ్డల కోతకు పోతూ పదును పెట్టించుకుందామని వచ్చింది. ఆమె చేతిలో కొడవలి అరిగి అరిగి తదియనాటి చంద్రుడంత సన్నబడింది. అయినా ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒక్క నొక్కు లేదు.

"ఎవరు చేసింది జేజీ ఇది?"

"మీ తాత. మా అత్త కొనింది, నేను కాపరానికి రాకముందు."

"పేరు లేదే. మా తాతదని ఎట్ల గుర్తుపెట్టుకున్నావు?"

"పేరెందుకు నాయనా? ఇది చెడిపోయింటే కదా, చేసినోడు యాడున్నాడని వెతుక్కునేది."

గోడకానుకొని వింటున్న ముసలాయన అప్పుడు నోరు విప్పాడు. "అచ్చు పారేయొద్దురా. రెండో సెగ పెడతాననుకుంటేనే కొట్టు." కొడుకు నొక్కులు పడినవన్నీ తీసుకుని, మళ్లీ కొలిమి రాజేశాడు.

నీతి: కత్తి మీద పేరు గొప్పకు కాదు, తప్పు జరిగితే మనిషి తిరిగి రావడానికి.

ఏ కంపెనీ కత్తి కొనాలని నన్నడిగేవాళ్లు ఉన్నారు. నా లెక్క కూడా ఆ జేజి లెక్కే. సోలింగెన్ అనేది కంపెనీ కాదు, ఒక ఊరు. ఆ ఊళ్లో చేయని కత్తి మీద ఆ పేరు వేయకూడదని జర్మనీలో 1938లోనే చట్టం తెచ్చారు. నకిలీలు వస్తే ఊరికే మచ్చ కనక. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టి, తల్లి విక్టోరియా 1909లో చనిపోయాక ఆమె పేరే సరుకుకు పెట్టాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కుకు గుర్తుగా 'ఇనాక్స్' చేరి విక్టోరినాక్స్ అయింది. తల్లి పేరు కొట్టిన కత్తికి రెండో సెగ ఎగ్గొట్టడం ఎవరికైనా కష్టమే.

మన కథ తలకిందులు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవాళ్లు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తులకు లోకంలో స్థిరపడిన పేరు మాత్రం డమాస్కస్. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆలూరు తాలూకాలో తెలుగువాళ్లూ కన్నడిగులూ కూడా ఉక్కనే అంటారు. ఆ మాటే తెల్లవాళ్ల నోట 'వూట్జ్' అయిందంటారు. లండన్‌లో ఆ ఉక్కును పరీక్షించి 1819లో వ్యాసం రాసినవాడు మైకేల్ ఫారడే. ఆయనా కమ్మరి కొడుకే. కోనసముద్రం కొలిమిలో చెమటోడ్చినవాళ్ల పేర్లు మాత్రం ఏ అలుగు మీదా లేవు.

మనం స్టీలు గిన్నె కొన్నా, చెంబు కొన్నా దుకాణంలోనే నిలబడి మన పేరు కొట్టించుకుంటాం. చేసినవాడి పేరు అడగం. ఈసారి సంతలో కొడవలో కత్తిపీటో కొన్నప్పుడు చేసినాయన పేరు, ఊరు అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి.