కూష్మాండ బలి

గుమ్మడికాయకు సంస్కృతమున కూష్మాండమని పేరు. ‘కు’ అనగా కొంచెము, ‘ఊష్మ’ అనగా వేడిమి, ‘అండము’ అనగా గ్రుడ్డు. చిరువేడిమితో బ్రహ్మాండమును పొదిగిన తల్లి గనుక నవదుర్గలలో నాలవ మూర్తికి కూష్మాండ యని పేరు కలిగినదని పెద్దలందురు. ఆంగ్లమునందలి పంప్‌కిన్ అను మాటకు మూలమైన గ్రీకు పదము పెపోన్. ఎండకు పండినదని దాని యర్థము. దూరదేశముల మాటలు రెండును వేడిమినే ఆశ్రయించుట వింతయే. కాయలు మాత్రము వేరు. శాస్త్రములు చెప్పు కూష్మాండము బూడిదగుమ్మడి. తీపిగుమ్మడి అమెరికా ఖండమున పుట్టి, 1492 తరువాతనే సముద్రము దాటి వచ్చినది.

కర్నూలు జిల్లా నుండి 2022లో నంద్యాల జిల్లాకు చేరిన శ్రీశైలమున, చైత్రపూర్ణిమ గడచిన పిమ్మట ముందుగా వచ్చు మంగళవారమున గాని శుక్రవారమున గాని భ్రమరాంబాదేవికి కుంభోత్సవము జరుగును. ఒకప్పుడు ఆ దినమున జంతుబలులు జరిగెడివి. నేడు గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు సమర్పింతురు. అన్నమును కుంభముగా రాశి పోయుదురు. ఆదిశంకరులు అమ్మవారి యెదుట శ్రీచక్రమును ప్రతిష్ఠించి ఆమె ఉగ్రతను శమింపజేసిరని క్షేత్ర సంప్రదాయము. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రమున నున్నప్పుడే, 1950లో, దేవాలయములందు జంతుబలిని నిషేధించుచు చట్టము వచ్చినది.

చట్టము చేతిని ఆపగలదు, మనసులోని భయమును ఆపజాలదు. “తాతలనాటి మొక్కు మేకపోతు గదా! కాయతో తల్లి ఊరకుండునా? వాన పడకున్న, బిడ్డకు జ్వరము వచ్చిన ఎవరు పూచీ?” అని కలతపడు గృహస్థులు ఈ కరవుసీమలో నేటికిని కలరు. వారిని పరిహసించుట తగదు. ఆ భయము నిజమైనది. వారికి చట్టముకంటె శాస్త్రమే ఊరట. బలులను విస్తరించి చెప్పిన కాళికాపురాణమే, కూష్మాండము దేవికి మేకతో సమానమైన తృప్తి నొసగునని పలికినది. అసలు ‘బలి’ యను మాటకు చంపుట యని అర్థము లేదు. సమర్పణము, కప్పము అని యర్థము. గృహస్థుడు నిత్యము చేయవలసిన పంచయజ్ఞములలో భూతబలి యొకటి. అది కాకికి, కుక్కకు, చీమకు పెట్టు అన్నము. అందు ప్రాణి తినునదే గాని తినబడునది కాదు. అట్టి పదము కత్తికి పర్యాయమగుట కాలవైపరీత్యము.

ఇక కాయను పగులగొట్టినంతనే తన దోషమంతయు తీరెనని తలచువాడును కలడు. వానికొరకే కాబోలు తెలుగువారు గుమ్మడికాయల దొంగ సామెతను కల్పించిరి. బూడిదగుమ్మడిపై తెల్లనిది బూడిద కాదు, మైనపు పూత. కాయను నెలల తరబడి కుళ్లనీయక కాపాడునది అదియే. ఎత్తుకొనిపోయిన వాని భుజమునకు అంటుకొనునదియు అదియే. ఆ దొంగ పేరును ఎవరును చెప్పలేదు, తన భుజమును తానే తడుముకొనెను.