బలమైన ముక్కలను విడవడం: ఒక నైతిక విచారణ

జూదాన్ని గురించిన నీతిచర్చ సాధారణంగా ఆడవచ్చునా, కూడదా అన్న చోటనే ఆగిపోతుంది. ఆటలోకి దిగినవాడు ఎప్పుడు విరమించాలి అన్న ప్రశ్న అంతగా చర్చకు రాలేదు. వచ్చినా అది ఓడిపోతున్నవాడికి చేసే హితబోధగానే ఉంటుంది. గెలుస్తానని నమ్మడానికి తగిన ఆధారం ఉన్నవాడు, చేతిలోని మంచి ముక్కలను తనంతట తానే కింద పెట్టవలసి రావడం వేరే సమస్య. పోకర్ ఆటలో ‘ఫోల్డ్’ అనే ఈ చర్యను ఆధారం చేసుకొని నిర్ణయానికీ, ఫలితానికీ, బాధ్యతకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించవచ్చు.

టెక్సస్ హోల్డెమ్ పద్ధతిలో ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు రహస్యంగా పడతాయి. బల్లమీద అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా తెరుచుకుంటాయి. ఈ ఏడింటిలో మేలైన అయిదింటిని బట్టి గెలుపు తేలుతుంది. ఒక ఆటగాడి చేతిలో ఆఠీను తొమ్మిది, డైమండు తొమ్మిది ఉన్నాయనుకుందాం. బల్లమీద ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు పది, ఇస్పేటు జాకీ, డైమండు పది, కళావరు రెండు ఉన్నాయి. మూడు తొమ్మిదులు, రెండు పదులు కలిసి అతనికి ఫుల్ హౌస్ ఏర్పడింది. అతనికి కనబడని ముక్కలు 45. వాటినుంచి ఎదుటివాడికి పడగల జంటలు 990. వీటిలో అతన్ని ఓడించగలవి 21 మాత్రమే: పదుల జంట 1, జాకీల జంటలు 3, పది-జాకీ 6, పది-తొమ్మిది 2, పది-రెండు 6, స్ట్రెయిట్ ఫ్లష్‌ను పూర్తిచేసేవి 3. అంటే నూటికి దాదాపు 98 సందర్భాలలో గెలుపు అతనిదే.

అయినా ఈ ముక్కలను వదలవలసిన ఘట్టం రావచ్చు. బల్లమీద 600 పోగై ఉండగా ఎదుటివాడు ఆఖరి పందెంగా మరో 600 ఒడ్డాడు. 1200 కోసం 600 పెట్టాలి కనుక, మూడింట ఒకసారైనా గెలిచే అవకాశం ఉంటేనే ముందుకు పోవడం లాభం. ఇప్పుడు 990 జంటలన్నీ లెక్కలోకి రావు. ఇంతదాకా పందేలు కాస్తూ వచ్చి, ఇప్పుడు ఇంత ఒడ్డగల జంటలే వస్తాయి. పది-రెండు వంటి పేలవమైన ముక్కలతో జాగ్రత్తగల ఆటగాడు మొదట్లోనే తప్పుకొని ఉంటాడు. కాబట్టి ఓడించేవి 15. ఎదుటివాడు ఏ ఇస్పేటు ఫ్లష్‌తోనైనా ఇలా ఒడ్డే మనిషైతే అలాంటి జంటలు 42 ఉంటాయి. అప్పుడు పందెం కాయడమే సరి. ఆసు ఉన్న ఫ్లష్‌తోనే ఒడ్డేవాడైతే ఆ జంటలు 9. 24లో 9 అంటే మూడోవంతుకు కొంచెం పైన, కాబట్టి అప్పుడు కూడా కాయవచ్చు. ఆసుతో రాజో రాణో ఉంటే తప్ప ఒడ్డని జంకు మనిషైతే జంటలు రెండే. 17లో 2కు మూడోవంతు ధర చెల్లించకూడదు. అప్పుడు వదలాలి.

ముక్కలు మారలేదు, బల్ల మారలేదు. మారినది ఎదుటి మనిషిని గురించిన అవగాహన ఒక్కటే. బలం ముక్కలలో ఉండే గుణమని అనుకోవడం ఇక్కడ నిలవదు. పదానికి సౌందర్యం స్వతస్సిద్ధం కాదనీ, సందర్భంతో పొందికే దానికి ప్రాణమనీ క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో చేసిన ప్రతిపాదన అలంకారశాస్త్ర విద్యార్థికి ఇక్కడ గుర్తుకురాక మానదు. పోలికను అంతకుమించి లాగనక్కరలేదు.

ఈ అవగాహన సరైనదో కాదో తెలిసే దారి లేకపోవడమే అసలు చిక్కు. ముక్కలు విడిచినవాడికి ఎదుటివాడు తన ముక్కలు చూపనక్కరలేదు. ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూసి, దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు నమ్మక, చెట్టును కూల్చి లెక్కించి, నిజమని తెలుసుకొని, ఆ విద్యను అడిగి నేర్చుకుంటాడు. సంభావ్యతా భావన చరిత్రను రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975 నాటి తన గ్రంథంలో ఈ కథను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పోకర్‌లో ముక్కలు విడిచినవాడికి చెట్టును కూల్చే అవకాశం లేదు.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ‘నైతిక అదృష్టం’ అనే సమస్యను చర్చకు తెచ్చారు. మనిషి చేతిలో లేని ఫలితాన్ని బట్టి అతని చర్యకు తీర్పు చెప్పడం న్యాయమా అన్నది ఆ చర్చ. అక్కడ ఫలితమైనా కనబడుతుంది. ఇక్కడ అదీ కనబడదు. అందువల్ల ఈ నిర్ణయాన్ని, అది తీసుకున్న క్షణంలో ఉన్న ఆధారాలతోనే సమర్థించుకోవాలి. ఫలాపేక్ష లేని కర్మకు ఇది ఉదాహరణగా కనిపించవచ్చు కాని ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ అపేక్ష ఉంది, లేనిది సాక్ష్యం.

సాక్ష్యం లేని చోట పిరికితనం వివేకపు వేషం వేసుకోగలదు. తప్పుగా పందెం కాసినవాడి తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. తప్పుగా వదిలినవాడి తప్పు వాడికి కూడా తెలియదు. కనబడే తప్పుకు భయపడి కనబడని తప్పును ఎంచుకోవడం జూదశాలకే పరిమితమైన అలవాటేమీ కాదు. వాన్ నాయ్‌మన్, మార్గెన్‌స్టెర్న్ 1944లో వెలువరించిన క్రీడాసిద్ధాంత గ్రంథంలో పోకర్ విశ్లేషణ ఉంది. బలం లేకుండా ఒడ్డే బూటకపు పందేనికి ఆటలో హేతుబద్ధమైన స్థానం ఉన్నదని వారు చూపారు. బల్లమీద ఉన్నంత మొత్తాన్నే ఒడ్డే ప్రత్యర్థి ముందు సగానికి మించి తప్పుకుంటూ పోయేవాడిపై ఏ ముక్కలతోనైనా లాభం తీయవచ్చు. కాబట్టి ఒక్కొక్క విరమణ ఎంత సమంజసంగా తోచినా, వాటన్నిటినీ కలిపి చూస్తే దోషం పట్టుబడవచ్చు. ఆత్మపరీక్ష చేయవలసినది ఒక్క నిర్ణయాన్ని కాదు, నిర్ణయాల వరుసను.

తెలుగునాట ఈ తర్కం రమ్మీ ద్వారా సుపరిచితం. వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో మొదటే డ్రాప్ చేస్తే 20, మధ్యలో చేస్తే 40, పూర్తిగా ఓడితే గరిష్ఠంగా 80. ఆలస్యానికి కూడా వెల ఉందన్నమాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య 1967లో తేలిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, దేన్ని ఉంచుకొని దేన్ని విడవాలో తెలియడం ఆ నైపుణ్యమని పేర్కొంది. ఒక్కో ముక్కను విడవడంలో నేర్పు ఉంటే, మొత్తం ముక్కలను విడవడంలో ఇంకా ఎక్కువే ఉందనాలి.

ఇంతదాకా చెప్పినది లెక్కతో కూడిన విరమణ. లెక్కతో పనిలేని విరమణ కూడా ఉంది. పాచికలలో చేతి బలమంటూ ఉండదు కనుక ఉపమానం ఇక్కడ పూర్తిగా అతకదు. కాని ఒడ్డకూడనిది ఏదన్న ప్రశ్న రెండింటికీ సమానమే. కలి ఆవేశించి సర్వం పోగొట్టుకున్న నలుణ్ణి, దమయంతిని ఒడ్డమని పుష్కరుడు అడుగుతాడు. నలుడు మారుమాట లేకుండా ఆభరణాలు తీసివేసి వెళ్లిపోతాడు. అప్పటికి అతనికి అక్షహృదయం తెలియదు. ధర్మరాజు అదే స్థితిలో ద్రౌపదిని ఒడ్డాడు. నలుడిది వివేకమా, మిగిలిన కాస్త అభిమానమా అన్నది కథ చెప్పదు. ఏ లెక్కా చేయకుండానే అతనికి ఒక హద్దు కనబడింది.

అయితే వ్యాసభారతంలో ఆ హద్దు చివరిదాకా నిలవలేదు. విద్య నేర్చి తిరిగివచ్చిన నలుడు, పుష్కరుని రాజ్యానికి ఎదురుగా తాను కూడబెట్టిన ధనంతోపాటు దమయంతిని కూడా పణంగా ప్రకటించి, ఒక్క పందెంలోనే గెలుస్తాడు. అజ్ఞానంలో ఒడ్డలేనిదాన్ని జ్ఞానం వచ్చాక ఒడ్డగలిగాడు. గెలిచాడు కనుక ఆ పందేన్ని ఎవరూ నిలదీయరు. ఈ కథ చెప్పిన బృహదశ్వుడు చివర ధర్మరాజుకు కూడా అక్షహృదయాన్ని ఉపదేశిస్తాడు. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ఆ ఉపదేశంలో జవాబు లేదు.