ఇంటిపై ఎగిరే కన్ను

“పక్కింటి పెళ్ళికి వీడియో తీస్తున్న డ్రోను మా మేడపైకి వచ్చి ఆగింది. అప్పుడు మా ఆడవాళ్ళు ముసుగు లేకుండా బట్టలు ఆరవేస్తున్నారు. రాయి విసిరి దాన్ని పడగొట్టడం ధర్మసమ్మతమేనా?” అని ఒక సోదరుడు అడిగారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. అయితే న్యాయమైన కోపం కూడా షరీఅత్ హద్దులు దాటకూడదు.

ముందు ఇంటి గౌరవాన్ని గుర్తించాలి. అనుమతి పొందకుండా, సలాం చేయకుండా ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్ (24:27) ఆదేశించింది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గదిలోకి రంధ్రం గుండా తొంగిచూసినప్పుడు, అనుమతి నియమం ఏర్పడిందే చూపు కారణంగా అని ఆయన (స) స్పష్టం చేశారు. అంటే కాలు గడప దాటకపోయినా, చూపు దాటితే అది చొరబాటే.

అలా తొంగిచూసే వానిపై ఇంటివారు గులకరాయి విసిరితే, అతని కన్ను పోయినా వారిపై దోషం లేదన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. “మరి డ్రోనును కొడితే తప్పేమిటి?” అని కొందరు వాదిస్తారు. ఇక్కడ మూడు విషయాలు ఆలోచించాలి.

మొదటిది, ఈ హదీసును షాఫయీ, హంబలీ పండితులు ఉన్నదున్నట్లుగా తీసుకున్నారు. మాలికీ పండితులలో అధికులు కన్ను పోగొట్టినవారు బాధ్యత వహించాలన్నారు. పెద్దలే భేదించిన చోట మనకు తొందరపాటు తగదు.

రెండవది, హదీసులోని వ్యక్తి తొంగిచూస్తూ పట్టుబడినవాడు. డ్రోను మన ఇంటినే చూస్తున్నదో, దారిన పోతున్నదో కింది నుంచి ఎలా తెలుస్తుంది? పొలానికి మందు చల్లేదీ డ్రోనే. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామాల ఇళ్ళ స్థలాలు కొలిచిందీ డ్రోనే. ఇతరుల గుట్టు వెతకవద్దన్న ఆయతే (49:12) అనుమానాలకు దూరంగా ఉండమని కూడా చెబుతోంది. ఆ ఆయతులో మొదటి సగం మనకు, రెండవ సగం పొరుగువారికి అని పంచుకోలేం.

మూడవది, గులకరాయి దెబ్బ తొంగిచూసిన వానికే తగులుతుంది. పడగొట్టిన డ్రోను తిరిగే రెక్కలతో, బ్యాటరీతో సహా సందులో ఆడుకునే పసివాడి నెత్తిన పడవచ్చు. ఒక నష్టాన్ని అలాంటి మరో నష్టంతో తొలగించరాదన్నది ఫిఖ్హ్ సూత్రం.

మరి మార్గమేమిటి? 19వ శతాబ్దంలో హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ఉస్మానియా ప్రభుత్వం రూపొందించిన ‘మజల్లా’లో దీనికి పోలిక దొరుకుతుంది. స్థలం ఎవరిదో, దానిపైని ఆవరణ కూడా వారిదే. పొరుగువాని చెట్టుకొమ్మ మన వైపుకు వస్తే, దాన్ని వెనక్కి కట్టమనో, కొట్టివేయమనో అతణ్ణి అడిగే హక్కు మనకుంది. పొరుగింటి కిటికీలోంచి స్త్రీలు మసలే చోటు కనిపిస్తే అది పెద్ద హాని. అతడు గోడో, తడికో పెట్టి ఆ చూపును ఆపాలి. కిటికీని పూర్తిగా మూసేయమని మాత్రం బలవంతం చేయరాదు. హానిని ఆపాలి, కానీ అవసరమైనంత మేరకే.

మన దేశ చట్టం కూడా బాధితుణ్ణి ఒంటరిగా వదలలేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. చట్టం నిర్వచించిన ‘ఏకాంత చర్య’లో ఉన్న స్త్రీని చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. అదే సంహిత 324వ సెక్షను ప్రకారం ఇతరుల సొత్తును ధ్వంసం చేయడమూ నేరమే. కనుక ఆ సోదరుడు ముందు ఆడవాళ్ళను లోపలికి పిలవాలి. డ్రోనును ఫోనులో చిత్రీకరించి ఉంచుకోవాలి. పెళ్ళివారితో మర్యాదగా మాట్లాడి, తమ ఇంటి దృశ్యాలు తొలగించమని కోరాలి. వినకపోతే పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

చివరిగా ఒక మాట. మన నిఖాహ్‌లలోనూ డ్రోన్లు ఎగురుతున్నాయి. మన డ్రోను ఎవరి మేడపై ఆగిందో ఎప్పుడైనా అడిగామా? ఎగరవేసే ముందు ఇరుగుపొరుగుకు చెప్పామా? చూపులు క్రిందికి వాల్చమన్న ఆదేశం (24:30) మన కళ్ళకే కాదు, మనం అద్దెకు తెచ్చిన కెమెరాకూ వర్తిస్తుంది.

అల్లాహ్ మన ఇళ్ళ మర్యాదను, మన చూపుల పవిత్రతను కాపాడుగాక! ఆమీన్.