విద్యాలయ ద్వారమున అడుగు ప్రశ్న

బిడ్డను బడికి పంపు తండ్రి రెండు కోర్కెలు కోరును. వాడు విద్యావంతుడు కావలెను. తన ఇంటివాడుగనే నిలువవలెను. కోరంగి రేవున ఓడనెక్కి మారిషస్ చెరకు తోటలకు వచ్చిన తెలుగువారి సంతతికి ఈ రెండు కోర్కెల నడుమ గల ఇరుకు బాగుగ తెలియును. పగలు పాఠశాల, సాయంకాలము దేవాలయమున ఓనమాలు.

ఈ ద్వీపమున కతోలిక విద్య పాతది. లోరెటో సన్యాసినులు 1845లోనే వచ్చిరి. ఆ విద్య యొక్క ఆశయమును రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ఒక ప్రకటనలో వివరించినది. తల్లిదండ్రులే మొదటి గురువులు. బిడ్డ దేహము, బుద్ధి, శీలము కలిసి పెరుగవలెను. బీదలను, క్రైస్తవ విశ్వాసమునకు దూరముగనున్నవారిని విశేషముగ ఆదరింపవలెను. ఇందు హిందువునకు పరాయిదనదగినది ఏదియు కానరాదు.

చిక్కు ఆశయమున గాక ద్వారమున వచ్చినది. కతోలిక కాలేజీలు ఫారం వన్ ప్రవేశములలో సగము సీట్లు తమ మతస్థుల కొరకే ఉంచుకొనెడివి. వాటి ఉపాధ్యాయుల జీతములా, ప్రజాధనము నుండి వచ్చుచుండెను. ఒక హిందూ తండ్రి న్యాయస్థానమునకు పోయెను. ఆ పద్ధతి వివక్షయేనని మారిషస్ సుప్రీం కోర్టు 2002లోను, లండనులోని ప్రీవీ కౌన్సిల్ 2004 ఫిబ్రవరిలోను తీర్పు చెప్పినవి.

కతోలికుల భయమును తేలికగ త్రోసివేయరాదు. తమ బిడ్డలే కొరవడిన బడి పేరునకు మాత్రము తమదై మిగులునేమోనని వారు శంకించుట సహజము. తమ సొమ్ముతో నడుపు బడియైనచో వారి మాట చాలవరకు చెల్లును. కాని అందరి పన్నుతో నడుచు బడిలో, మంచి మార్కులు తెచ్చుకొనిన బాలిక జ్ఞానస్నానము పొందలేదను కారణమున గేటు వద్దనే వెనుదిరిగినచో, ఆ బడి ఆమెకు నేర్పిన మొదటి పాఠమేది? లోపల నీతి తరగతి ఎంత చక్కగ జరిగినను ఆ పాఠము చెరుగదు. మతశీలమును నిలుపునది గురువు నడవడియే గాని బల్లలపై కూర్చున్నవారి లెక్క కాదు.

తీర్పు వచ్చినప్పుడు సంతోషించిన హిందువులు ఆ ప్రశ్నను తమవైపునకు త్రిప్పుకొనుట కూడ న్యాయము. ఈ దేశమున హిందూ సమాఖ్యలకును ప్రభుత్వపు సహాయధనము అందుచున్నది. దేవాలయపు తెలుగు తరగతికి ఒక క్రియోల్ బాలిక పలకతో వచ్చి చాపపై కూర్చున్నచో, గురువు ఆమెను మొదట ఏమి అడుగును? ఆమె తల్లిదండ్రుల పేర్లా, ఆమెకు వచ్చిన అక్షరములా?